ఆరంభశూరత్వమును అలవాటుగా మార్చుట

ఏ పట్టణములోనైనను జనవరి మొదటి వారమున తెల్లవారుజామున కళాశాల మైదానమునకు పోయి చూడుడు. క్రొత్త బూట్లు తొడుగుకొని, చెవులకు మఫ్లరు చుట్టుకొని, చేతులూపుచు వడివడిగా నడచువారు గుంపులు గుంపులుగా కనిపింతురు. సంక్రాంతి పండుగ గడచిన పిమ్మట అదే మైదానమునకు పోయినచో వారిలో సగము మంది ఉండరు. శివరాత్రి నాటికి మిగులువారు ఏడాది పొడవునను నడచు పాతవారే. ఉగాదికి మరల కొందరు మొదలుపెట్టుదురు. ఎండలు ముదిరినంతనే వారును మానుకొందురు. దీనినే మన పెద్దలు ఆరంభశూరత్వమనిరి.

మానుకొన్నవారు సాధారణముగా తమను తామే నిందించుకొందురు. “నాకు పట్టుదల లేదు” అని కొందరు, “నా శరీరతత్త్వమే అంత” అని మరికొందరు తమకు తామే తీర్పు చెప్పుకొని ఊరకుందురు. ఈ రెండు తీర్పులును సరియైనవి కావు. బరువు తగ్గగోరువారిలో పలువురు విఫలులగుటకు కారణము పట్టుదల లేకపోవుట కాదు. భారమంతయు పట్టుదల మీదనే మోపుట. ఉత్సాహము వచ్చి పోవు చుట్టము వంటిది. అలవాటు ఇంటి మనిషి వంటిది. చుట్టము వెళ్ళిపోకమునుపే పనిని ఇంటి మనిషికి అప్పగించుట ఎట్లో ఈ వ్యాసమున తెలిసికొందము.

ఎవరు శ్రద్ధ వహింపవలెను?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి మన దేశమున 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలోను, పురుషులలోను ఇంచుమించు నలుగురిలో ఒకరు అధికమైన బరువు కలిగియున్నారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము దేశములో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు ఉన్నట్లును, 13 కోట్లకు పైగా ప్రజలు ఆ వ్యాధి గుమ్మమున నిలిచియున్నట్లును అంచనా వేసినది. ఈ రెండు విషయములకును దగ్గరి సంబంధము కలదు.

మన వారి శరీరములో ఒక విశేషమున్నది. యూరపు వాసులతో పోల్చినచో తక్కువ బరువుననే మన వారికి పొట్ట చుట్టును కొవ్వు పేరుకొనును. అందుచే బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, ఆ ఎత్తును దానితోనే గుణించి, వచ్చిన దానితో బరువును భాగించగా వచ్చు అంకె 23 దాటిన భారతీయుడు జాగ్రత్త పడవలెననియు, 25 దాటినచో స్థూలకాయుడనియు మన వైద్యనిపుణులు నిర్ణయించిరి. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి 64 కిలోల బరువు ఉన్నచో ఆ అంకె సరిగా 25 అగును. ఇంతకంటె సులువైన కొలత నడుము చుట్టుకొలత. చివరి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ టేపు చుట్టి చూచినపుడు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

ఒక గుమాస్తాగారి కథ

తహసీలుదారు కార్యాలయములో పనిచేయు ఒక గుమాస్తాగారిని ఉదాహరణముగా తీసికొందము. ఆయన కల్పితుడే, కాని ఆయన వంటివారు ప్రతి వీధిలోను కలరు. వయస్సు 48 సంవత్సరములు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. ఆరోగ్య ఉపకేంద్రములో పరీక్ష చేయించుకొనగా రక్తములోని చక్కెర హద్దునకు కొంచెము పైన ఉన్నట్లు తేలినది. తండ్రి మధుమేహముతో కాలు పోగొట్టుకొనుట కన్నులార చూచినవాడగుటచే ఆయన భయపడెను.

మరునాడే అన్నము పూర్తిగా మానివేసెను. రాత్రికి దోసకాయ ముక్కలు, మజ్జిగ మాత్రమే. ఉదయము గంటసేపు నడక. పది దినములలో మూడు కిలోలు తగ్గెను. కచేరీలో అందరును మెచ్చుకొనిరి. తరువాత మూడు వారములు గడచినను తక్కెడ ముల్లు కదలలేదు. తల తిరుగుట, చిరాకు, ఎప్పుడును తిండి మీదనే ధ్యాస. ఇంతలో మేనకోడలి పెండ్లి వచ్చెను. పంక్తిలో కూర్చుండి బూరెలు, పులిహోర కడుపారా భుజించెను. మరునాడు సిగ్గుపడి, “ఇంక నా వల్ల కాదు” అని నడకయు మానుకొనెను. ఆరు మాసములకు ఆయన బరువు 78 కిలోలు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లయినది.

ఆయన చేసిన తప్పు పెండ్లిలో భుజించుట కాదు. తప్పు మొదటి దినముననే జరిగినది.

శరీరము ఏల ఎదురుతిరుగును?

మొదటి పది దినములలో తగ్గిన మూడు కిలోలలో అధికభాగము కొవ్వు కాదు, నీరు. కాలేయమునందును కండరములందును నిలువ యుండు పిండిపదార్థము తనతోపాటు మూడు రెట్లు నీటిని పట్టియుంచును. అన్నము మానినపుడు ఆ నిలువ కరగి, నీరు వెలికిపోవును. కనుక ఆ వేగము నిలుచునది కాదు. నిలువనందుకు నిరాశ చెందుటయు తగదు.

కఠినమైన ఉపవాసమునకు మనస్సు ఎట్లు లోబడునో 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయోగము చూపినది. ఆంసెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు 24 వారములు అర్ధాహారము మాత్రమే ఇచ్చెను. వారు స్వచ్ఛందముగా వచ్చినవారు, దృఢచిత్తులు. అయినను కొలది వారములలోనే వారి ఆలోచనలన్నియు తిండి చుట్టును తిరుగసాగెను. వంటల పుస్తకములు చదువుటయే కొందరికి కాలక్షేపమయ్యెను. ఆకలి గొన్న శరీరము మనస్సును ఆక్రమించుకొనుట ప్రకృతిధర్మము. అది బలహీనత కాదు.

2011లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ వైద్యులు ప్రకటించిన మరియొక పరిశీలనలో, పది వారములు అత్యల్పాహారముతో బరువు తగ్గినవారికి ఆకలిని పెంచు హార్మోనులు సంవత్సరము గడచిన పిమ్మటను హెచ్చుగానే యుండెను. అనగా శరీరము పోయిన బరువును తిరిగి రాబట్టుకొనుటకు చిరకాలము ప్రయత్నించుచునే యుండును. అట్టి ప్రత్యర్థితో పోరునకు దిగుట వివేకము కాదు. మెల్లగా మచ్చిక చేసికొనవలెను. వారమునకు అర కిలో తగ్గుట క్షేమకరమనియు, దినమునకు వేయి కాలరీలకు తక్కువైన ఆహారము తీసికొనరాదనియు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఉపదేశించుచున్నది.

తక్కెడ ఒక్కటే సాక్షి కాదు

ఉత్సాహము చల్లారుటకు మొదటి కారణము, ప్రతి ఉదయము తక్కెడ ఎక్కి దాని తీర్పునకు ఎదురుచూచుట. ఉప్పు ఎక్కువ తినినను, నీరు ఎక్కువ త్రాగినను ఒక్క దినములో ఒక కిలో అటునిటు కావచ్చును. ఈ సంగతి తెలిసినవారికి దినదినమును చూచుకొనుట మేలే చేయవచ్చును. తెలియనివారికి అది మనస్తాపమును కలిగించును.

ఈ సందర్భమున చెన్నపట్టణములో జరిగిన ఒక పరిశోధన ప్రతి భారతీయుడును తెలిసికొనదగినది. మధుమేహమునకు దగ్గరలో ఉన్న 531 మందిపై జరిగిన ఈ పరిశోధన ఫలితములు 2006లో ప్రకటింపబడినవి. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో సుమారు మూడేండ్లలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. నడకయు, ఆహారనియమమును క్రమముగా పాటింపచేసిన వారిలో నూటికి 39 మందికి మాత్రమే వచ్చినది. విచిత్రమేమనగా, ఈ రెండవవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. తక్కెడ ముల్లు కదలకున్నను నడక వారి దేహములో మేలు చేయుచునే యుండెను.

అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో, శరీరపు బరువులో నూటికి ఏడు పాళ్ళు తగ్గించుట, వారమునకు 150 నిమిషములు నడచుట అను రెండే లక్ష్యములతో మధుమేహము వచ్చుట సగమునకు పైగా తగ్గినది. 76 కిలోల గుమాస్తాగారికి నూటికి ఏడు పాళ్ళనగా అయిదు కిలోలకు కొంచెము ఎక్కువ మాత్రమే. ఇరువది కిలోలు తగ్గి యౌవనమునాటి చొక్కాలు తొడుగనక్కరలేదు.

కావున ఫలితమును గాక పనిని లెక్కింపవలెను. గోడమీది క్యాలెండరులో నడచిన దినమున ఒక గీత గీయుట చాలును. బరువు మన చేతిలో లేదు. గీత మన చేతిలో ఉన్నది.

అలవాటు ఎట్లు ఏర్పడును?

లండనులోని ఒక విశ్వవిద్యాలయమువారు 96 మందిని పరిశీలించి, క్రొత్త పని అలవాటుగా మారుటకు ఎంత కాలము పట్టునో 2010లో ప్రకటించిరి. మధ్యస్థముగా 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలెను. కొందరికి 254 దినములవరకు పట్టునని లెక్క తేలినది. ఇరువది యొక్క దినములలో అలవాటు కుదిరితీరునను ప్రచారము విని, ఇరువది రెండవ దినమున నిరాశపడిన వారికి ఇది ఊరట. మరియొక సంగతి: నడుమ ఒక దినము తప్పినంత మాత్రమున అలవాటు చెడిపోలేదు.

అలవాటునకు ఒక గుంజ కావలెను. ప్రతిదినము తప్పక జరుగు ఒక పనికి క్రొత్త పనిని ముడివేయవలెను. “వీలున్నపుడు నడచెదను” అనుకొన్నవారికి వీలు చిక్కదు. “ఉదయము కాఫీ త్రాగి గ్లాసు క్రింద పెట్టినంతనే చెప్పులు తొడుగుకొందును” అని నిశ్చయించుకొన్నవారికి ఆ గ్లాసే గుర్తు చేయును. మొదటి వారము పది నిమిషములు చాలును. నడక చిన్నదైనను వేళ తప్పరాదు. క్రమముగా దినమునకు ముప్పది నిమిషముల చొప్పున వారమునకు అయిదు దినములు నడచినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు నిర్ణయించిన 150 నిమిషముల కనీసపు లెక్క సరిపోవును. మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగముండవలెను. వారమున రెండు దినములు కండరములకు బలమునిచ్చు వ్యాయామమును చేయవలెను. కుర్చీనుండి చేతుల ఊతము లేక పదిమార్లు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి త్రోయుట వంటివి ఖర్చు లేనివి.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెను

గుమాస్తాగారి కథ అంతటితో ముగియలేదు. మరుసటి సంవత్సరము ఉపకేంద్రమునకు పోయినపుడు అక్కడి నర్సమ్మగారు ఆయన చెప్పినదంతయు విని, “అన్నం మానెయ్యకండి సార్. మారు వడ్డన మానండి, చాలు. ఒక్కటి నిలబడ్డాకే రెండోది మొదలుపెట్టండి” అనెను. ఇంటికి వచ్చి భార్యతో చెప్పగా ఆమె నవ్వి, “ఏమండీ, పోయినేడు మీకొక వంట, మాకొక వంట చెయ్యలేక నా ప్రాణం విసిగిపోయింది. ఈసారి అందరికీ ఒకటే వండుతాను, నూనె తగ్గించి” అనెను. ఈ రెండు మాటలలోను శాస్త్రమంతయు ఇమిడియున్నది.

విస్తరిలో కూర ఒక మూల, అన్నము నడుమ ఉండుట మన అలవాటు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన మార్గదర్శకములను బట్టి 2,000 కాలరీల ఆహారమునకు దినమునకు బియ్యము మొదలగు ధాన్యములు 250 గ్రాములు, పప్పుధాన్యములు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండవలెను. కనుక కూరను చూచి అన్నము పెట్టుకొనుట నేర్వవలెను. పప్పు, పెరుగు, గ్రుడ్డు తగ్గింపరాదు. అవి ఆకలిని ఆపి కండరములను కాపాడును. కొర్రలు, జొన్నలు, రాగులు మంచివే, పీచు ఎక్కువ. అట్లని వానికి పరిమితి లేదనుకొనరాదు. కాలరీలలో అవి బియ్యమునకు అంతగా తీసిపోవు.

నూనె విషయమున కన్నును నమ్మరాదు. పై లెక్క ప్రకారము మనిషికి దినమునకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. నెల మొదట ఆ మేరకు వేరొక డబ్బాలో పోసి ఉంచినచో, నెలాఖరునకు డబ్బాయే సాక్ష్యము చెప్పును. పంచదార దినమునకు 25 గ్రాములు మించరాదు. కప్పునకు రెండు చెంచాల చొప్పున మూడు కప్పుల టీ త్రాగువారికి టీలోనే 30 గ్రాములగును. వారమునకు అర చెంచా చొప్పున తగ్గించుచు వచ్చినచో నాలుక దానికి అలవాటుపడును.

ఇంటి ఇల్లాలి మాట

ఆరోగ్య గ్రంథములు తరచుగా మరచునది ఇల్లాలిని. నడుమున కొవ్వు పేరుకొనుట స్త్రీలలోనే హెచ్చు. తెల్లవారుజామున మైదానమునకు పోవు పురుషునకు కాఫీ కాచి యిచ్చునది ఆమె. అందరును తినిన పిమ్మట మిగిలిన అన్నము పారవేయుటకు మనసొప్పక తినునది ఆమె. వీధిలో నడచినచో ఎవరేమనుకొందురో యని సంకోచించునది కూడ ఆమెయే. ఆమెకు పట్టుదల గురించి ఉపన్యసించుటకంటె అరగంట తీరిక కల్పించుట మేలు. భర్త గాని, పిల్లలు గాని ఉదయపు పనులలో ఒకదానిని తమదిగా చేసికొనవలెను. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కలసి నడచినచో సంకోచమును తీరును, ఒకరికొకరు తోడును దొరకును. బయటకు పోలేనివారు మేడమీదనో, పెరటిలోనో పది నిమిషముల చొప్పున మూడుమార్లు నడచినను ఫలమొకటే. గుమాస్తాగారి ఇంట మంచినీళ్ళు పట్టుట, పాలు తెచ్చుట ఆయన వంతయ్యెను. సాయంకాలపు నడక భార్యాభర్తలిద్దరిదియు అయ్యెను.

తప్పిన దినము

పండుగలు, పెండ్లిండ్లు, మామిడిపండ్ల కాలము, జ్వరము, ముసురు. ఇవి రాక మానవు. తప్పిన దినము వచ్చునని ముందే తెలిసియుండుట నిలుకడకు మూలము. పండుగనాడు బొబ్బట్టు తినవచ్చును. కూర్చుండి, మెల్లగా, సంతోషముతో తినవలెను. తినినందుకు శిక్షగా మరునాడు ఉపవాసముండరాదు. మరుసటి పూట మామూలు భోజనమునకు వచ్చివేయవలెను. నియమము ఒక్కటే: ఒక దినము తప్పవచ్చును, వరుసగా రెండు దినములు తప్పరాదు. వానదినమున నడువవలసిన చోటు, ప్రయాణములో తినవలసిన తిండి ముందే యోచించి ఉంచుకొనవలెను.

గుర్తు చేయువారి అవసరమును మరువరాదు. దక్షిణ భారతమున మధుమేహపు గుమ్మమున ఉన్న 537 మంది పురుషులపై జరిగి 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో, సగము మందికి సెల్ ఫోనులో ఆహారము, నడక గురించిన చిన్న సందేశములు తరచుగా పంపిరి. రెండేండ్లలో సందేశములు అందినవారిలో నూటికి 18 మందికి, అందనివారిలో నూటికి 27 మందికి మధుమేహము వచ్చినది. పొట్టి సందేశమునకే అంత బలమున్నపుడు, “రండి, వేళయైనది” అని గుమ్మము ముందు నిలిచి పిలుచు స్నేహితునకు ఎంత బలముండునో ఊహింపవచ్చును.

కొన్ని హెచ్చరికలు

మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడుచున్నవారు ఆహారము తగ్గించుటకు ముందు వైద్యుని అడుగవలెను. చక్కెర మితిమీరి పడిపోవచ్చును. గుండెజబ్బు గలవారును, నడచునపుడు ఎదలో నొప్పియో ఆయాసమో కలుగువారును ముందు పరీక్ష చేయించుకొనవలెను. గర్భిణులు బరువు తగ్గు ప్రయత్నము చేయరాదు. థైరాయిడు లోపము వలనను, కొన్ని మందుల వలనను బరువు పెరుగవచ్చును. బరువు తగ్గించు మందులు వైద్యుడు వ్రాసియిచ్చినపుడే వాడదగినవి. ప్రకటనలు చూచి పొడులు, కషాయములు కొనరాదు. ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారును దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రములో రక్తపోటు, చక్కెర ఉచితముగా పరీక్ష చేయించుకొనవచ్చును.

మన గుమాస్తాగారు రెండవమారు మొదలుపెట్టి ఏడాది గడచినది. ఆయన బరువు 73 కిలోలు. పోయినది అయిదు కిలోలు మాత్రమే; కచేరీలో ఎవరును గమనింపలేదు, ఎవరును మెచ్చుకొనలేదు. కాని నడుము పట్టీకి రెండు రంధ్రములు లోపలికి వచ్చినవి, చక్కెర హద్దులోనికి దిగినది. క్యాలెండరులో గీతలు లేని దినములు చాలనే ఉన్నవి. ప్రక్కప్రక్కన రెండు ఖాళీలు మాత్రము అరుదు. ఉదయము కాఫీ గ్లాసు క్రింద పెట్టినంతనే ఆయన కాళ్ళు చెప్పులను వెదకుకొనును. నడువవలెనా వద్దా యను ప్రశ్నయే ఇపుడు ఆయనకు కలుగుట లేదు. పాఠకులారా, అలవాటనగా ఇదియే. దానికి రేపటి మంచిరోజుతో పని లేదు. నేటి సాయంకాలపు పది నిమిషములు చాలును.